కిటికీకి అడ్డంగా రేకు

"నీ వైఫై నేను ఎత్తకపొయ్యేదానికి అదేమన్నా చెంబా, తపేలానా అక్కా?"

"చెంబైతే కంటికి కనపడతాది. కనపడని దాన్ని ఎత్తకపోవడం నీకు బాగా తెలిసిన విద్య."

"నోరు పారేసుకోబాక. పెద్దదానివని ఊరుకుంటుండా."

"ఎవురు ఊరుకోమన్న్యారు నిన్ను? మా ఇంటికొచ్చి, ఆ పెట్టె పక్కనే కూర్చోని, నేను పోసిన టీ తాగి, పెట్టె ఎనకాల రాసుండే పాస్‌వర్డు చూసుకోని పోలేదా నువ్వు?"

"నేనా! అద్దాల్లేకుంటే బియ్యంలో రాయి కనపడదు నాకు. చీమ తలకాయంత అక్షరాలు, అందులోనూ ఇంగ్లీషు, నేను చదివినానా? ఇనేవాళ్లు నవ్వుతారు అక్కా."

"నవ్వనీ. నా మనవరాలి ఉద్యోగం పొయ్యిందంటే ఆ రోజు నువ్వు నవ్వుదువుగాని."

మా పెరట్లో నాకూ మా తోడికోడలికీ పట్టపగలు జరిగిన వాదన ఇది. పెరటి చివరి గదిలోంచి నా మనవరాలు తల బయటపెట్టి, "అవ్వా, రవ్వంత మెల్లిగా! మీ గొంతులు మీటింగులోకి పోతుండాయి" అని రెండు చేతులూ ఊపింది. గొంతులు ఏ మీటింగులోకీ పోవడం లేదు. మీటింగు అప్పటికే తెగిపోయింది. గదిలోకి వెళ్లి చూస్తే కంప్యూటరు తెర మీద చిన్న చక్రం ఒకటి తిరుగుతూ ఉంది. ఆ చక్రాన్ని చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. ఎంత సేపు తిరిగినా ఎక్కడికీ పోదు, ఏదీ తేదు.

మాది కోట టౌనుకు తూర్పున సముద్రం పక్క ఊరు. మా ఆయనా, ఆయన తమ్ముడూ ఇళ్లు పంచుకున్నారు గానీ పెరడు పంచుకోలేదు. అందుకని నేనూ తోడికోడలూ ఇన్నేళ్లుగా ఒకే పెరట్లో చేపలు ఎండబెట్టుకుంటూ, ఒకే పెరట్లో పోట్లాడుకుంటూ వచ్చాము. మా ఇల్లు వీధి వైపు. పెరటి చివర, వలలు వేసుకునే రేకుల గది ఒకటి నాది. మనవరాలికి ఉద్యోగం వచ్చినప్పుడు ఆ గదిలో వలలు తీసేసి, సున్నం కొట్టించి, బల్ల వేసి ఇచ్చాను. కొడుకూ కోడలూ కోవూరులో ఒక్క గదిలో ఉంటారు, పిల్లకు అక్కడ కూర్చునే చోటు కూడా లేదు.

దాని ఉద్యోగం రొయ్యల మేత అమ్మే కంపెనీలో. రొయ్యల గుంటల వాళ్లు ఫోను చేసి ఇంత మేత కావాలంటే కంప్యూటరులో ఎక్కిస్తుంది. రోజూ పొద్దున పై అధికారులు తెర మీద కనిపించి మాట్లాడతారు. కొత్తగా చేరింది కాబట్టి ఇంకా పరీక్షలో ఉన్నట్టే లెక్క. నెట్ మాటిమాటికీ తెగిపోతుంటే పై అధికారి ఊరుకుంటాడా? "మీ ఊళ్లో నెట్ నిలవకపోతే వేరే అమ్మాయిని చూసుకుంటాం" అని మొహం మీదే చెప్పాడు. సోమవారం పొద్దున పనంతా తెర మీద చూపించాలి, మధ్యలో తెగకూడదు, తెగితే ఇక రావద్దు. అదీ సంగతి.

ఈ గొడవంతా నెత్తళ్ల కాలం, అంటే ఆ వేలెడంత చేపలు పడే రోజులు, మొదలైనప్పటి నుంచి. అంతకు ముందు ఆ పెట్టె బాగానే పనిచేసింది. పెట్టె అంటే వైఫై పెట్టె. దాన్ని ముందు గదిలో, బియ్యం డబ్బా మీద పెట్టాను. ఉప్పు గాలికి మా ఊళ్లో ఇనుము నిలవదు, తాళం చెవి కూడా తుప్పు పడుతుంది. అందుకని దానికి వచ్చిన ప్లాస్టిక్ సంచి విప్పకుండా అట్లాగే ఉంచాను. మనవరాలు చూసి గగ్గోలు పెట్టింది.

"అవ్వా, దానికి ఊపిరాడదు. కాలిపోతాది."

"ఊపిరి దానికెందుకే? అదేమన్నా కోడిపెట్టా?"

సంచి తీసేసింది. నెట్ మళ్లీ తెగింది. నేను బయటికి వెళ్లేటప్పుడు కరెంటు దండగని పెట్టె ఆపేసి వెళ్తానని, అందుకే చెడిపోయిందని నన్ను అనుమానించింది. ఆపడం మానేశాను. అప్పుడూ తెగింది. నెట్ కంపెనీకి ఫోను చేస్తే ఒక అమ్మాయి తీయగా మాట్లాడి, ఆపి కాసేపాగి మళ్లీ వేయమంది. వేశాము. తర్వాత వెనకాల ఉన్న చిన్న బొక్కలో పిన్నీసు గుచ్చమంది. నా జాకెట్టుకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. గుచ్చింది. లైట్లన్నీ ఆరి, వెలిగి, మళ్లీ పాత కథే. మనవరాలు కంప్యూటరుకు మా వైఫై పేరును మర్చిపొమ్మని చెప్పి, మళ్లీ కొత్తగా కలిపింది. పక్కన కూర్చుని అంతా చూశాను. మర్చిపొమ్మంటే ఒక్క నొక్కుతో మర్చిపోయే వస్తువును నేను జన్మలో అదే చూడటం. నాకు అట్లాంటి బుద్ధి లేదు. నాలో పగ ఉప్పు పట్టించిన చేపలాగా ఎన్నాళ్లయినా చెడకుండా ఉంటుంది.

కేబులతను వచ్చి ఫోనులో ఏదో చూసి, "పెట్టె దాకా బ్రహ్మాండంగా వస్తుండాది పెద్దమ్మా. మీ కంప్యూటర్లోనే ఉండాది తేడా" అన్నాడు. కంప్యూటరును గోతాంలో చుట్టి ఆటోలో కోటకు తీసుకుపోతే, అక్కడి షాపతను విప్పి, ఊది, మూసి, "దీనికేం జబ్బు లేదు. మీ నెట్లోనే ఉండాది" అన్నాడు. ఇద్దరూ కలిసి నా మనవరాలిని బంతిలాగా అటూ ఇటూ విసురుకున్నారు. కేబులతను ఆ రోజు పోతూ పోతూ ఒక ఉపాయం చెప్పాడు. పెరట్లో వైరు లాగి ఆ గదికి ఇస్తే ఇక తెగదట. వైరుకు వేరే ఖర్చట.

"గాలిలో వస్తాదని చెప్పే గదా నా చేత డబ్బు కట్టించుకున్న్యారు? మళ్లీ వైరు దేనికి?" అన్నాను.

"అది కాదు పెద్దమ్మా..."

"ఏది కాదు? గాలిలోనే రావాల. వచ్చేటట్టు చెయ్యి."

అతను బండి ఎక్కాడు.

ముందు గదిలోనే కంప్యూటరు పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మా ఇంటి ముందరే పొద్దున పడవలవాళ్ల చేపల వేలం. ఆ కేకల్లో పక్కన కూర్చున్న మనిషి మాటే వినపడదు. ఇక ఫోను సిగ్నలంటారా, ఆ రేకుల గదిలోకి అడుగు పెట్టగానే అది పడిపోతుంది. నాకు తోచిందల్లా ఒకటే. మన సొత్తు మనకు అందడం లేదంటే మధ్యలో ఎవరో లాగేస్తున్నారు. లాగేది ఎవరన్నది ఆలోచించాల్సిన పని లేదు. నెత్తళ్ల కాలానికి ముందు మా తోడికోడలు వచ్చి, "ఫోనులో సీరియలు చూసుకుంటా, రవ్వంత ఆ పాస్‌వర్డు చెప్పక్కా" అని అడిగింది. "నీళ్లడుగు, నిప్పడుగు, ఇస్తా. నెలనెలా నేను కట్టేది నీ సీరియళ్లకా?" అని పంపించాను. అడిగితే ఇవ్వలేదు కాబట్టి అడక్కుండా తీసుకుంది. ఇదీ నా లెక్క. పైన రాసిన పోట్లాట ఆ లెక్క మీదే జరిగింది.

పోట్లాట అయ్యాక మాటలు మానేశాము. మనవరాలి చేత అప్పటికప్పుడు పాస్‌వర్డు మార్పించాను. కొత్తది నా చెవిలో తప్ప ఎక్కడా చెప్పొద్దన్నాను. ఇక చూడు, ఆమె సీరియలు ఎట్లా నడుస్తుందో అని ఆ సాయంత్రం చాలా తృప్తిగా అన్నం తిన్నాను. మర్నాడు పొద్దునే ఎప్పటిలాగే నెట్ తెగింది. చక్రం ఎప్పటిలాగే తిరిగింది.

నాకు అవమానమైంది. తప్పు ఆమెది కాదని కాదు, తప్పు ఆమెదని నిరూపించలేకపోయానని.

ఆదివారం మనవరాలు తలపట్టుకుని కూర్చుంది. ఏడవలేదు, అది ఏడిచే పిల్ల కాదు. ఉన్నట్టుండి అడిగింది.

"అవ్వా, పొద్దు పోయినాక ఎప్పుడూ తెగలేదు గదా?"

"లేదు."

"ముసురు పట్టిన రోజు కూడా బాగుండింది. పొద్దుననించి ఒక్కసారి తెగలేదు. అంటే ఎండ కాసేటప్పుడే పోతుండాది."

"ఎండకూ దానికీ ఏందే సంబంధం?"

"అదే నాకూ తెలీదు. రా, చూద్దాం."

తన ఫోను తీసుకుని ముందు గది నుంచి నడవడం మొదలుపెట్టింది. ఆ ఫోను తెర మీద వైఫై గీతలు ఉంటాయి, విసనకర్ర ఆకారంలో. అవి నిండుగా ఉంటే బలం, తగ్గితే నీరసం. నేను పాత గొడుగు పట్టుకుని వెంట నడిచాను, గొడుగు దాని తల మీద కాదు, ఎండకు తెర కనపడదని ఫోను మీద. వరండాలో గీతలు నిండుగా ఉన్నాయి. పెరటి మధ్యలో నిండుగా ఉన్నాయి. తోడికోడలు చేపల పందిరి దగ్గరా నిండుగానే ఉన్నాయి. గదిలోకి అడుగు పెట్టి కిటికీ దగ్గర నిలబడితే ఒక్క గీత. అది కూడా కనిపించి మాయమైంది.

మనవరాలు మళ్లీ బయటికి వచ్చి కిటికీ వైపు చూసింది. నేనూ చూశాను. మా ఇంటి వైపుకున్న ఆ ఒక్క కిటికీకి అడ్డంగా జింకు రేకు నిలబెట్టి ఉంది.

మా దగ్గర నెత్తళ్లు ఎండబెట్టే పద్ధతి చెప్తాను. కర్రలు పాతి, పాత వల బిగించి కట్టి, దాని మీద చేపలు పరుస్తాము. పగలు ఆ పందిరికి వెనకగా ఒక రేకు నిలబెడతాము. ఎండ రేకు మీద పడి చేపల మీదికి మళ్లుతుంది, తొందరగా ఎండుతాయి. సముద్రం గాలికి లేచే ఇసుకను కూడా అది ఆపుతుంది. పొద్దు పోగానే ఆ రేకునే తీసి, మంచు పడకుండా చేపల మీద బోర్లిస్తాము. ముసురు పట్టినా అంతే.

మనవరాలు కాలి బొటనవేలితో రేకును పక్కకు నెట్టింది. గదిలోకి పోయి కిటికీలోంచి ఫోను చూపించింది. గీతలు నిండాయి.

"అవ్వా! రేకే! రేకే అడ్డం!" అని ఎగిరింది.

నేను గబగబా రేకును యథాస్థానంలోకి లాగి పెట్టాను.

"ఏంది, మళ్లా పెడతుండావు?"

"ఒకరి పందిరి ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆమె చూస్తే తప్పు మనదైపోతాది." ఆ మాట నేను ఆచారం కోసం అనలేదు. ఆలోచించుకోవడానికి నాకు కాస్త వ్యవధి కావలసి వచ్చింది. "పోయినేడు ఈ రేకు వాళ్ల గోడ పక్కన ఉండింది. ఈ ఏడు నా కిటికీకే వచ్చింది. పాస్‌వర్డు ఇవ్వలేదని పెట్టింది."

"అవ్వా, పోయినేడు ఈడ మునగ చెట్టుండింది. గాలివానకి పడిపొయింది గదా. నీడ పొయినాక ఎండ బాగా పడేది ఈడే. అందుకని పందిరి ఇటు తెచ్చుకుంది చిన్నవ్వ. ఆమెకి వైఫై ఎట్ట పోతాదో ఏం తెలుసు?"

"నీకంటే ఆమెను ఎక్కువ కాలం చూసినా నేను."

"పోయి అడుగుదాం. రవ్వంత జరపమంటే జరుపుతాది. నేను అడగతా."

"నోరెత్తినావంటే చూడు. అడిగితే బదులుగా పాస్‌వర్డు అడగతాది."

"ఇస్తే ఏమైతాది?"

"ఇస్తే నేను ఓడినట్టు."

"ఇయ్యకుంటే నా ఉద్యోగం పోతాది. రేపే, పొద్దునే."

"నీ ఉద్యోగం పోదు. రేపు ఆ రేకు ఆడ ఉండదు. నాకు వదిలిపెట్టు."

అది నా మొహం కేసి కాసేపు చూసి, "చిన్నవ్వతో గొడవ మాత్రం పెట్టుకోబాక" అని గదిలోకి వెళ్లిపోయింది. నేను మాట ఇవ్వలేదు.

ఆ సాయంత్రమంతా వరండాలో చింతపండు గింజలు తీస్తూ తోడికోడలినే చూశాను. ఆమె చేపలు తిరగేస్తోంది. చీర కుచ్చెళ్లు ఎగదోపి, ఒక్కొక్క గుప్పెడూ దులిపి పరుస్తోంది. ఆ వారం పట్టు బాగా పడింది, పందిరి నిండుగా ఉంది. నేను వరండాలో ఉన్నానని తెలిసి కూడా తల తిప్పలేదు. నా కిటికీ పక్కనే నిలబడి, నా గది గోడకే ఆనుకుని నడుము సవరించుకుంది. ఒక్కసారైనా ఇటు చూసి నవ్వితే నా కోపం తగ్గేదేమో, చెప్పలేను. చూడలేదు. ఈమెకు బుద్ధి చెప్పాలంటే అరిస్తే చాలదనిపించింది. అరుపులకు అరుపులు ఆమె దగ్గరా ఉన్నాయి.

మా పెరట్లో ఒక కట్టుబాటు ఉంది. మా అత్త పెట్టింది. ఎన్ని గొడవలున్నా, ముఖాలు చూసుకోకపోయినా, ఒక కోడలు చేపల కోసం ఒడ్డుకు పోతే రెండో కోడలు ఆమె పందిరి మీద కాకుల్ని తోలాలి. చెప్పి పోవాల్సిన పని లేదు, అడగాల్సిన పని లేదు. మాటల్లేని నెలల్లో కూడా నా చేపల్ని ఆమె కాచింది, ఆమె చేపల్ని నేను కాచాను. పొద్దున పడవలు రాగానే ఆమె ఒడ్డుకు పోతుంది. చేపలు పరిచి, రేకు నిలబెట్టి, వెనక్కి చూడకుండా పోతుంది. ఆ వెనక్కి చూడకపోవడం నాకు ఆ సాయంత్రం బాగా కనిపించింది.

మర్నాడు తెల్లవారగానే ఆమె చేపల మీద బోర్లించిన రేకు తీసి నా కిటికీకి నిలబెట్టింది. చేపలు కలియబెట్టింది. తట్ట తీసుకుని ఒడ్డుకు పోయింది. సందు మలుపు తిరిగేదాకా ఆగి, నేను లేచి రేకును ఈడ్చుకుంటూ వచ్చి నా వరండా ముందు, ఎండలో పడేసి దాని మీద కూర్చున్నాను. గదిలో మనవరాలి మీటింగు మొదలైంది. కిటికీలోంచి దాని గొంతు ఎక్కడా తెగకుండా వినిపించింది.

మొదట ఒక కాకి వచ్చింది. నేను చెయ్యి ఎత్తలేదు. తర్వాత చాలా వచ్చాయి. గాలి లేచి ఇసుక కూడా చేపల మీద పడింది. కాకులు తిన్నంత తిని, మిగతావి కిందికి లాగి పెరడంతా చల్లాయి.

తోడికోడలు తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి పెరటి మొదట్లో ఆగిపోయింది. పందిరిని చూసింది. రేకు మీద కూర్చున్న నన్ను చూసింది. నోరు తెరిచింది. ఆ కేకల కోసమే నేను కూర్చుని ఉన్నాను, నా జవాబులు కూడా సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు కిటికీలోంచి మనవరాలు కనిపించింది. చెవులకు తొడుగులు పెట్టుకుని, తెర వైపు మాట్లాడుతూనే, ఇటు తిరిగి ఒక్క క్షణం చేతులు జోడించింది. తోడికోడలు నోరు మూసుకుంది. తట్ట దించి, చీర కొంగు విసురుతూ, నోట్లోంచి చప్పుడు రాకుండా కాకుల్ని తోలింది. అది చూసి నాకు ఇంకా మండింది.

మీటింగు అయిపోయాక మనవరాలు బయటికి వచ్చింది. నా వైపు రాలేదు. నేరుగా పందిరి దగ్గరికి పోయి, "అయిపొయింది చిన్నవ్వా. ఈడ నుంచే చేసుకోమన్న్యారు" అని చెప్పింది. ఆమె దాని తల నిమిరింది. ఇద్దరూ ఇసుకలో కూర్చుని పనికొచ్చే నెత్తళ్లను ఏరి చేటలో వేశారు.

"మీ అవ్వ ఒక్క మాట చెప్పుంటే ఆ రేకు తీసి ఇంటి మీదకి పారేసేదాన్ని గదే" అంది తోడికోడలు, నాకు వినపడేటట్టు.

చేట నిండాక మనవరాలు చేతులు పావడకు తుడుచుకుని, "నీ ఫోను ఇయ్యి చిన్నవ్వా" అంది. ఆమె బొడ్లోంచి తీసి ఇచ్చింది. అది ఫోనులో కొత్త పాస్‌వర్డు కొట్టి తిరిగి ఇచ్చింది. కాసేపటికి పెరట్లో సీరియలు పాట వినపడింది.

అప్పటికి ఎండ బాగా ఎక్కింది. రేకు కాలుతోంది. నేను లేవలేదు.